అయస్కాంత ధ్రువాలు: పత్తి, మిరప ప్రాంతాలలో ఉపయోగం, పరిమితి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. వీటిని శుద్ధిచేసే మిల్లులలో ఇనుప ముక్కలను ఏరివేయడానికి అయస్కాంతాలు తోడ్పడతాయి. బోరు నీటిలోని ఉప్పును తొలగిస్తాయన్న ప్రచారంతో కూడా అయస్కాంత పరికరాలను విక్రయించడం కద్దు. మొదటి ఉపయోగం శాస్త్రసమ్మతం, రెండవది కాదు. ఈ తేడా గ్రహించడానికి అయస్కాంత ప్రాథమిక ధర్మాలు తెలిస్తే చాలు.

ధ్రువాల స్వభావం

స్వేచ్ఛగా వేలాడదీసిన అయస్కాంతంలో ఉత్తర దిక్కును చూపే కొన ఉత్తర ధ్రువం, రెండవది దక్షిణ ధ్రువం. సజాతి ధ్రువాలు వికర్షించుకొంటాయి. విజాతి ధ్రువాలు ఆకర్షించుకొంటాయి. అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలు ఉంటాయి. భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ 1600లో వివరించాడు.

ఉత్తర ధ్రువాన్ని ఇనుప మేకు దగ్గరకు తెస్తే మేకు సమీప కొనలో దక్షిణ ధ్రువం ప్రేరితమవుతుంది. అందువల్లనే మేకు అంటుకొంటుంది. ఇనుము, నికెల్, కోబాల్ట్ వంటి కొద్ది లోహాలు, మాగ్నటైట్ వంటి కొన్ని ఖనిజాలు మాత్రమే ఇలా బలంగా స్పందిస్తాయి. ఒంగోలు సమీపంలోని కొణిజేడు కొండలలో ఉన్నది మాగ్నటైట్ ఖనిజమే. దానిని పొడిచేసి, అయస్కాంతంతో రాతి పొడి నుండి వేరుచేయవచ్చు.

మిల్లులలో ఉపయోగం

పత్తిలో చేరిన ఇనుప ముక్క జిన్నింగు యంత్రానికి తగిలితే నిప్పురవ్వలు లేచి అగ్నిప్రమాదం జరగవచ్చు. కారం మిల్లులలో యంత్రభాగాలు అరిగి ఇనుప రజను కారంలో కలుస్తుంది. సరుకు ప్రవహించే మార్గంలో అమర్చిన అయస్కాంతం వీటిని పట్టుకొంటుంది. పేరుకొన్న ఇనుమును తరచూ తుడవకపోతే పట్టు తగ్గుతుంది. రాళ్లు, రాగి, అల్యూమినియం ముక్కలు అయస్కాంతానికి చిక్కవు. వాటిని జల్లెడతోనో, చేతితోనో ఏరవలసిందే.

ఉప్పునీటి విషయంలో పరిమితి

నీటిలో కరిగిన సోడియం, క్లోరైడులు ఇనుప రజను వంటివి కావు. గొట్టానికి అయస్కాంతం బిగించినంత మాత్రాన అవి నీటి నుండి వేరుపడవు. ఉప్పు యథాతథంగా పొలానికి చేరుతుంది.

ఈ భ్రమ వల్ల మిరపకు నష్టం అధికం. నేల సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు సుమారు 7.7 డెసీసైమన్ల వరకు పత్తి తట్టుకోగలదు. మిరప జాతికి ఆ పరిమితి సుమారు 1.5 మాత్రమే, ఆపై ప్రతి యూనిట్‌కు దిగుబడి దాదాపు 14 శాతం తగ్గుతుంది. పరికరాన్ని నమ్మి, పత్తికి సరిపోయిన నీటితోనే మిరప వేసిన రైతు పెట్టుబడిని కోల్పోయే ప్రమాదం ఉంది.

కావున పరికరం కొనడానికి ముందు, దాని గుండా పోకముందు నీటిని, పోయిన తరువాత నీటిని వేర్వేరు సీసాలలో పట్టి విద్యుత్ వాహకత పరీక్ష చేయించాలి. రెండు అంకెలూ ఒకటే అయితే ఉప్పు తగ్గలేదని అర్థం. నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి పంటను ఎంచుకోవడం, మంచి నీటితో కలిపి పారించడం, మురుగు కాలువలు తీయడం మేలు. సోడియం అధికంగా ఉన్న క్షార భూములలో భూపరీక్ష ఆధారంగా జిప్సం వేయాలి.