కొట్టంలో పది మీటర్లు

సంచిక సంపాదకులు "మీకు తెలిసిన విషయం మీద ఏదైనా రాయండి, పాఠం మాత్రం వద్దు" అన్నారు. ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి పాఠం వద్దంటే ఏం రాసేది? నాలుగు రోజులు తన్నుకులాడి, 2020 వేసవిలో మా రాయచోటిలో, మా మామ శెనక్కాయల కొట్టంలో నేర్చుకున్న విద్యను గురించి రాయడానికి నిశ్చయించాను. అది తుపాకి విద్య. పాఠకులు కంగారు పడనక్కరలేదు. గాలితో పేలే తుపాకి. కాగితం తప్ప దేన్నీ గాయపరచలేదు. ఒక్క ఇత్తడి బిందెను తప్ప. ఆ సంగతి తరువాత చెబుతాను.

అప్పుడు నేను మన కాలేజీలో ఎం.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. మార్చి మధ్యలో హాస్టలు ఖాళీ చేయమన్నారు. రెండు ప్యాంట్లు, ఒక రికార్డు పుస్తకం సంచిలో పెట్టుకుని పీలేరు మీదుగా ఇంటికి చేరాను. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వీరభద్రస్వామి గుడి మూశారు. రంజాన్ నెలలో నమాజులు ఇండ్లలోనే జరిగాయి. మా వీధిలో లెక్కేస్తే ఇంటికొకరు కువైట్లో ఉన్నారు. మా నాయన కూడా. పదకొండేండ్లుగా ఆయన అక్కడ డ్రైవరు. అక్కడా మార్చి 22 నుంచే కర్ఫ్యూ మొదలైంది. ఒక గదిలో ఎనిమిది మంది. సాయంత్రం ఏడింటికి ఫోను చేసేవాడు. ఏడుంబావు దాటితే అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దడం మొదలుపెట్టేది. సర్దిన గిన్నెలనే మళ్ళీ సర్దేది.

తుపాకి మా మామది. మామిడితోటలో కోతులను చప్పుడుతో బెదిరించడానికి ఎప్పుడో కొన్నాడు. కోతులు రెండు రోజులు భయపడి, మూడోరోజు నుంచి దాన్ని లెక్కచేయలేదు. అటకమీద దుమ్ము పట్టి ఉన్న ఆ ఎయిర్ గన్నును చూడగానే నాకు ఎన్.సి.సి. క్యాంపు గుర్తొచ్చింది. పాయింట్ టూటూ రైఫిలు, 25 మీటర్ల దూరం, నేలమీద బోర్లా పడుకుని అయిదు గుండ్లు కాల్చడం. మా సుబేదారు గురి తగిలిందా లేదా అని చూసేవాడు కాదు. అయిదూ ఒకే చోట పడ్డాయా అని చూసేవాడు. దాన్ని గ్రూపింగ్ అంటారు. అయిదూ మూలకు పోయినా ఒకేచోట పడితే మనిషి మంచివాడు, సైటు చెడ్డది. సైటు తిప్పుకుంటే సరిపోతుంది. చెల్లాచెదురుగా పడితే మాత్రం మనిషినే సరిచేయాలి.

మా జేజి గన్నును చూసి తలుపు గడియ పెట్టింది. "మన ఇంట్లో తుపాకి ఏందిరా? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?" ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మన సీమలో తుపాకి అనే మాటకు ఉన్న చరిత్ర వేరు. పార్టీ కక్షలు ఎక్కువగా ఉన్న కాలంలో ఆమె పుట్టింటివాళ్ళు పొద్దుమునిగితే తలుపులు బిగించుకునేవాళ్ళట. గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్ళకు మించని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కరలేదని చట్టం చెప్పి చూశాను. "చట్టం నీకు తెలుసు, ఊరు నాకు తెలుసు" అంది. చివరికి ఒప్పందం కుదిరింది: కొట్టం దాటి బయటికి తేకూడదు, పిట్టమీద పేల్చకూడదు, పేల్చేటప్పుడు తలుపుకు లోపల గొళ్ళెం, పని కాగానే గన్ను జేజి పెట్టెలో, తాళంచెవి ఆమె కొంగున. ఏ షూటింగ్ రేంజిలోనూ ఇంత కట్టుదిట్టమైన నిబంధన ఉండదని నా నమ్మకం.

ఒలింపిక్సులో ఎయిర్ రైఫిల్ దూరం 10 మీటర్లు. కొట్టం పొడవు టేపుతో కొలిస్తే పదకొండున్నర వచ్చింది. లోకమంతా మనిషికీ మనిషికీ ఆరడుగులు అంటుంటే నాకు ముప్పైమూడడుగులు దొరికాయి. గురికాగితాలు కొనే దారి లేదు గనుక రికార్డు పుస్తకం కాగితాల వెనకవైపు కంపాసుతో నేనే గీసుకున్నాను. కొలతలు తెలిస్తే ఎవరైనా గీసుకోవచ్చు. నట్టనడుమ పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అంటే పెన్ను మొనతో పెట్టిన చుక్క. తొమ్మిదో వలయం 5.5 మిల్లీమీటర్లు. అక్కణ్ణుంచి ఒక్కో వలయానికి అయిదేసి మిల్లీమీటర్లు పెంచుకుంటూ పోతే ఒకటో వలయం 45.5 దగ్గర ఆగుతుంది. నాలుగో వలయం దాకా, అంటే 30.5 మిల్లీమీటర్ల వరకు నలుపు. సిరా అయిపోతే బొగ్గుపొడి పూశాను. కాగితం మధ్యచుక్క నేలనుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి. గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది ఇస్తారు. గుండు వ్యాసం 4.5 గనుక, గుండు నడుమ చుక్క నడుమనుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలన్నమాట.

రెండున్నర మిల్లీమీటర్లంటే కొంచెం ఉదారంగానే కనిపిస్తుంది. లెక్క కట్టితే గుండె జారుతుంది. మా మామ గన్నుకు ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 45 సెంటీమీటర్లు. పది మీటర్ల అవతల రెండున్నర మిల్లీమీటర్ల తప్పంటే, ఇక్కడ వెనకసైటు గంటులో ముందుసైటు మొన 0.11 మిల్లీమీటరు పక్కకు జరిగినట్టు. తలవెంట్రుక మందం దాదాపు అంతే. అదే మొన గంటులో సరిగ్గా కూచుని, మనిషి మొత్తంగా రెండు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే? గుండు కూడా రెండు మిల్లీమీటర్లే పక్కకు పోతుంది, పది పోదు. ఒకటి కోణంలో తప్పు, రెండోది సమాంతరపు తప్పు. అందుకే గురి చూసేటప్పుడు కన్ను గురిమీద ఉండకూడదు. ముందుసైటు మొనమీద ఉండాలి. నల్లచుక్క మసకబారినా ఫరవాలేదు. కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు నల్లచుక్కను తేటగా చూడబోవడం. నేను పదిహేను రోజులు అదే చేశాను. పది గుండ్లకు నూటికి 34 వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

గురుత్వాకర్షణ కూడా తన వాటా తీసుకుంటుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే గుండుకు పది మీటర్లు దాటడానికి సెకనులో పదహారో వంతు కూడా పట్టదు. అంతలోనే 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. సైటు తిప్పుకోవడంలో ఇది సర్దుకుపోతుంది గాని, దూరం మారితే మళ్ళీ సర్దాలి.

స్ప్రింగు తుపాకికి ఒక ప్రత్యేకమైన గుణం ఉంది. ట్రిగ్గరు నొక్కగానే లోపల పిస్టను ముందుకు దూకుతుంది, గన్ను వెనక్కి తంతుంది. పిస్టను చివర ఆగుతుంది, గన్ను ముందుకు తూలుతుంది. ఈ తగాదా నడుస్తుండగానే గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే పట్టు ప్రతిసారీ ఒకలా ఉండదు గనుక గుండు ఒక్కోసారి ఒక్కోచోటికి పోతుంది. కోడిపిల్లను పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుని దాని ఊపు దాన్ని ఊగనిస్తే గుండ్లు ఒకచోటికి చేరతాయి. ఈ ఒక్క సంగతి తెలిశాక నా లెక్క 34 నుంచి 58కి ఎక్కింది.

ఇక బిందె సంగతి. కాగితం వెనక గోనెసంచిలో పాతచీరలు కుక్కి పెట్టాను. ఆ గోనెసంచి వెనక, దిట్టంగా ఉంటుంది గదా అని కడపబండ నిలబెట్టాను. మనకు ఏ పనికైనా బండే గదా! ఒకరోజు గుండు సంచి అంచు తప్పి బండకు తగిలి, మెరుపులా వెనక్కొచ్చి, నా మోకాలి పక్కనున్న జేజి ఇత్తడి బిందెకు సొట్ట పెట్టింది. సొట్ట సెనగగింజంత. అది నా కంటికి తగలవలసింది. రాయి, ఇనుము వంటి గట్టి వస్తువు గురి వెనక నిలువుగా ఉండకూడదు. ఉంటే కిందికి వాలి ఉండాలి. గుండు నేలకు దిగాలి గాని మనవైపు తిరగకూడదు. మరునాటినుంచి బండ తీసేసి మూరెడు మందాన ఇసుకసంచులు పేర్చాను, కంటికి అద్దాలు పెట్టాను. గొట్టం ఎప్పుడూ గురివైపే, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు బయటే. గుండ్లు సీసం గనుక పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. ఆ రోజుల్లో అది చెప్పే పని లేకపోయింది. బిందెను జేజి ఈనాటికీ మాటు వేయించలేదు, వచ్చినవాళ్ళకు చూపిస్తుంది.

ఇంత చేసినా పని మిగిలే ఉంది. శ్వాస, గుండె. ఊపిరి తీసేటప్పుడు గొట్టం మొన పైకీ కిందికీ తిరుగుతుంది. సగం వదిలి ఆపాలి; ఆపిన ఆరేడు సెకన్లలో గుండు పోవాలి. పోకపోతే దించి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎనిమిదో సెకనునుంచి కన్ను అబద్ధం చెబుతుంది. గుండెను ఆపలేం. దాని ప్రతి కొట్టూ సైటు మొనలో కనిపిస్తుంది. దాన్ని నెమ్మదింపజేసే బీటాబ్లాకరు మందులు అందుకే షూటర్లకు నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్సులో ఉత్తర కొరియా పిస్టలు షూటరు కిమ్ జాంగ్ సు ఆ మందు వాడినందుకే గెలిచిన రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు. ఆ ఒలింపిక్సులోనే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 600కు 595 కొట్టి కూడా, సమాన స్కోర్ల లెక్కింపులో వెనకబడి ఫైనలుకు పోలేకపోయాడు. 2012లో లండనులో 598, ఫైనలులో 103.1, మొత్తం 701.1తో కాంస్యం తెచ్చాడు. ఆ అయిదుకూ ఈ రెండుకూ నడుమ నాలుగేండ్లు.

టోక్యో ఒలింపిక్సు వాయిదా పడిందని 2020 మార్చి 24న ప్రకటించారు. పెద్దపెద్ద షూటర్లు కూడా నాలాగే ఇండ్లలో గోడలకు గురికాగితాలు అంటించుకున్నారని విని నాకు కొంచెం గర్వం కలిగింది. ఏప్రిల్లో షిమోన్ షరీఫ్ అనే మాజీ షూటరు ఇంటర్నెట్టు ద్వారా ఒక పోటీ పెట్టాడు. రకరకాల దేశాలవాళ్ళు తమ తమ ఇండ్లనుంచే కాల్చారు. నాకు సిగ్నలు మిద్దెమీదికి పోతేగాని రాదు గనుక ఆ భాగ్యం కలగలేదు.

నా కాగితాలన్నిటిమీదా తేదీ వేసుకునేవాణ్ణి. రోజుకు ఇరవై గుండ్లే; మామ దగ్గర రెండు డబ్బాలే ఉండేవి. ఏప్రిల్ చివరికి పది గుండ్లకు 70 దాటాను. ఉదయం పూట 74, 76. సాయంత్రం ఆరున్నరకు కాలిస్తే 60. ఎండవల్ల కాబోలుననుకుని కిటికీకి గోనె కట్టాను. ఏమీ మారలేదు. మే 10న కువైట్లో రాత్రింబగళ్ళ కర్ఫ్యూ పెట్టారు. 30 దాకా సాగింది. నాయన గదిలో ఇద్దరికి జ్వరమన్నారు. ఆ వారం కాగితాలు వరుసగా పెట్టి చూస్తే విషయం తెలిసింది. ఉదయం కాల్చినవి నడుమన ఉన్నాయి. సాయంత్రానివి అన్నీ కుడివైపు కిందికి జారాయి, ఫోను వచ్చే వేళకు ట్రిగ్గరును లాగేసి పని ముగించినట్టు. అమ్మ గిన్నెలు సర్దినట్టే నేనూ గుండ్లు సర్దుతున్నానన్నమాట.

అమ్మకు ఆ కాగితాలు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "రేపట్నుంచి నేనూ వస్తా" అంది. పేల్చలేదు. స్టూలుమీద కూచుని నా ఊపిరి లెక్కపెట్టేది. "ఏడు. దించు. మళ్ళా ఎత్తు." ఆరున్నరనుంచి ఏడు దాకా ఇద్దరం అలా గడిపేవాళ్ళం. ఆ నెలాఖరుకు సాయంత్రపు లెక్క 71.

నాయన ఆగస్టులో వచ్చాడు. క్వారంటైను ముగించుకుని ఇంటికొచ్చిన మూడోనాడు కొట్టంలోకి తీసుకుపోయాం. జేజి స్వయంగా పెట్టె తాళం తీసింది. ఆయన అయిదు గుండ్లు కాల్చాడు. రెండు కాగితంమీద పడ్డాయి, మూడు ఇసుకలోకి పోయాయి. "చేతులు వణుకుతాండాయిరా" అన్నాడు. "సగం ఊపిరి వదిలి నిలబెట్టు" అంది అమ్మ.

అక్టోబరులో కాయలు వచ్చాయి. కొట్టం మూటలతో నిండిపోయింది. గన్ను ఇప్పటికీ జేజి పెట్టెలోనే ఉంది.