పక్కచూపుల గొట్టం

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో కళ్లు పచ్చబడగానే పసరు మందుకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వైరస్‌ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. పైత్యనాళానికి రాయో, కంతో అడ్డుపడి వచ్చే కామెర్ల సంగతి వేరు. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలం తెల్లగా పాలిపోతుంది, ఒళ్లంతా దురద. రాయైతే నొప్పి, చలిజ్వరంతో పట్టిస్తుంది. క్యాన్సరైతే తరచూ నొప్పే ఉండదు, అందుకే మనిషి వారాల తరబడి పథ్యం చేస్తూ కూర్చుంటాడు. నాళం ఉబ్బిందో లేదో నంద్యాలలో తీసే మామూలు అల్ట్రాసౌండ్‌ స్కానింగే చాలావరకు చెప్పేస్తుంది.

ఆ అడ్డును పొట్ట కోయకుండా దాటే సాధనమే డుయోడెనోస్కోప్‌.

అమెరికాలో బాసిల్‌ హిర్షోవిట్జ్‌ 1957లోనే కడుపులోకి చూసే వంగే గొట్టం చేశాడు. కానీ పైత్యనాళం నోరు ఆంత్రమూలం పక్కగోడకు చిన్న బుడిపెలా ఉంటుంది. నంద్యాల నుంచి కడపకు నేరుగా పోయేవాడు ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం మలుపును దాటిపోయినట్టే, ముందుకు మాత్రమే చూసే గొట్టం ఆ బుడిపెను దాటిపోతుంది. 1968లో విలియం మెక్యూన్‌ బృందం ఎలాగో అందులోకి సన్న గొట్టం దూర్చి, ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించింది. ఆ పని తేలిక చేసింది జపాన్‌ వాళ్లు. గొట్టం కొసన కన్నును పక్కకు తిప్పారు, దాని పక్కనే చిన్న మీట అమర్చారు. డాక్టరు పిడి దగ్గర బొటనవేలు కదిలిస్తే లోపల ఆ మీట లేచి, సన్న తీగను బుడిపె వైపు వంచుతుంది. నా దృష్టిలో ఈ యంత్రం ప్రాణమంతా ఆ మీటలోనే ఉంది.

1974లో జర్మనీలో క్లాసెన్‌, జపాన్‌లో కవాయ్‌ ఎవరికి వారుగా విద్యుత్తుతో వేడెక్కే తీగతో పైత్యనాళం నోటిని కోసి, రాళ్లకు దారి చేశారు. 1980లో సోహెంద్ర నాళంలో నిలిపే ప్లాస్టిక్‌ గొట్టాన్ని, అంటే స్టెంట్‌ను, ప్రకటించాడు. క్యాన్సర్‌తో మూసుకుపోయిన నాళానికీ దారి దొరికింది. ఎమ్మారైతోనే నాళాల బొమ్మ తీయడం వచ్చాక, ఈఆర్‌సీపీ అనే ఈ ప్రక్రియ పరీక్ష స్థాయి దాటి చికిత్సగా స్థిరపడింది. క్లోమం వాచే ప్రమాదం ఉంది కాబట్టి ఊరికే చేసేది కాదు.

దీన్ని మన దగ్గర పాదుకొల్పినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు డాక్టర్‌ డి. నాగేశ్వర్‌ రెడ్డిది. ఎంబీబీఎస్‌ చదివింది కర్నూలు వైద్య కళాశాలలోనే. నంద్యాల అప్పుడు ఆ జిల్లాలోదే. ఆయన హైదరాబాద్‌లో స్థాపించిన ఏషియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ గ్యాస్ట్రోఎంటరాలజీకి రాయలసీమ నుంచీ రోగులు వెళ్తారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్‌ వచ్చింది.

ఈ యంత్రానికి ప్రాణమన్న ఆ మీటే తర్వాత పీకలమీదికి తెచ్చింది. దాని సందుల్లో క్రిములు కడిగినా పోక, మందులకు లొంగని ఇన్ఫెక్షన్లు 2015లో అమెరికాలో బయటపడ్డాయి. 2019లో అక్కడ ఒకసారి వాడి పారేసే స్కోప్‌కు అనుమతి ఇచ్చారు. మన ఆసుపత్రుల లెక్కల్లో అది కుదిరే బేరం కాదు. ఇక్కడ శుభ్రంగా కడిగే టెక్నీషియనే దిక్కు.

క్యాన్సర్‌ రోగికి స్టెంట్‌తో దురద తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, కీమోకు ఒళ్లు తట్టుకుంటుంది. అయితే ప్లాస్టిక్‌ది ఇంచుమించు మూడు నెలలకు పూడుకుపోతుంది. లోహపుది ఎక్కువ కాలం ఆగుతుంది, ఖరీదూ ఎక్కువే. మార్చాల్సిన తేదీ డిశ్చార్జి కాగితంలో రాసే ఉంటుంది. ఒంట్లో బాగుందనిపించగానే ఆ కాగితం బీరువాలోకి పోతుంది. పూడిన స్టెంట్‌ చలిజ్వరంతో గుర్తుచేస్తే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.