బరువు మోసే విద్యుత్ సైకిల్: ఎంపిక వెనుక భౌతికశాస్త్రం

పిల్లలను బడికి చేర్చి, తిరుగు దారిలో ఇంటికి కావలసిన కూరగాయలు, పాలు, పచారీ సరకులు తెచ్చుకోవడానికి ఐరోపా నగరాల్లో అనేక కుటుంబాలు కారుకు బదులుగా వాడుతున్న వాహనం కార్గో సైకిల్, అంటే మనుషులనూ సరకులనూ మోయడానికి అనువుగా ఫ్రేమును పొడిగించి, బలపరచి తయారుచేసిన సైకిల్. డెన్మార్క్‌లో హ్యాండిల్‌కు ముందు సరకులు పెట్టే చోటు ఉన్న రెండు చక్రాల ‘లాంగ్ జాన్’ 1920ల నుంచే వాడుకలో ఉండగా, 1984లో కోపెన్‌హాగన్‌లోని క్రిస్టియానియాలో రూపొందిన మూడు చక్రాల పెట్టె సైకిల్ ఈ వాహనాన్ని పిల్లలున్న ఇళ్లకు చేరువ చేసింది. దానికి మోటారు, బ్యాటరీ తోడైన తరువాత కొనేవారి ముందు నమూనాలు పెరిగాయి కాని, వాటిని తూచి చూడవలసిన ప్రమాణం మాత్రం ఒక్కటే: ఎంత బరువును, ఎటువంటి దారిలో, ఎంత భద్రంగా మోసి ఆపగలదు అన్నది.

సైకిల్ 50 కిలోలు, తొక్కేవారు 70 కిలోలు, ఇద్దరు పిల్లలు కలిసి 40 కిలోలు, సరకులు 15 కిలోలు అనుకుంటే మొత్తం 175 కిలోలు అవుతుంది. ఈ బరువుతో సమతలమైన రోడ్డు మీద గంటకు 15 కి.మీ. వేగంతో సాగడానికి, టైర్ల ఘర్షణనూ గాలి నిరోధాన్నీ అధిగమించేందుకు సుమారు 90 వాట్ల సామర్థ్యం, అంటే సెకనుకు 90 జౌళ్ల శక్తి సరిపోతుంది; ఆరోగ్యవంతులైన పెద్దలు చాలాసేపు ఇవ్వగలిగే సామర్థ్యం కూడా దాదాపు అంతే. నెదర్లాండ్స్, డెన్మార్క్ వంటి చదునైన దేశాల్లో మోటారు రాకముందే ఈ సైకిళ్లు నిలదొక్కుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అయితే 100 మీటర్ల దూరానికి 5 మీటర్లు ఎత్తు పెరిగే దారిలో వేగాన్ని 10 కి.మీ.కి తగ్గించినా, బరువును పైకి ఎత్తడానికే సుమారు 240 వాట్లు, ఘర్షణకు మరో 40 వాట్లు అవసరమవుతాయి కనుక, అక్కడ మోటారు సౌకర్యం కాక తప్పనిసరి అవసరం అవుతుంది.

ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం పెడల్ తొక్కుతున్నప్పుడు మాత్రమే తోడ్పడుతూ, నిరంతర సామర్థ్యం 250 వాట్లకు మించకుండా, గంటకు 25 కి.మీ. వేగం వద్ద తోడ్పాటు ఆగిపోయే వాహనాన్నే సైకిల్‌గా పరిగణిస్తారు. అందువల్ల అక్కడ అమ్ముడయ్యే నమూనాలన్నిటి మీదా వాట్ల సంఖ్య దాదాపు ఒకటిగానే ఉంటుంది. వాటి మధ్య తేడాను తెలిపేది టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం. చక్రం మధ్యలో అమర్చే హబ్ మోటారు నిర్మాణంలో సరళమైనది, గొలుసు మీద భారం మోపనిది. కాని అది చక్రం వేగానికి కట్టుబడి తిరగవలసి రావడంతో, నిటారు ఎక్కుడులో వేగం తగ్గినప్పుడు దాని దక్షత పడిపోయి, శక్తిలో అధిక భాగం వేడిగా మారుతుంది. పెడళ్ల ఇరుసు దగ్గర ఉండే మధ్య మోటారు తన బలాన్ని గేర్ల ద్వారా పంపుతుంది కనుక, చిన్న గేరులో చక్రం నెమ్మదిగా తిరుగుతున్నా తాను అనుకూలమైన వేగంతోనే తిరుగుతుంది. ప్రతిగా గొలుసు, పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయి. కొండలున్న ఊరికి మధ్య మోటారు, చదునైన ఊరికి హబ్ మోటారు తగినవని స్థూలంగా చెప్పవచ్చు.

బ్యాటరీ పరిమాణాన్ని వాట్-గంటలలో కొలుస్తారు. 36 వోల్టుల, 14 ఆంపియర్-గంటల బ్యాటరీలో సుమారు 500 వాట్-గంటల శక్తి ఉంటుంది. నిండు బరువుతో కిలోమీటరుకు 10 నుంచి 15 వాట్-గంటలు ఖర్చవుతాయనుకుంటే అది 33 నుంచి 50 కి.మీ. వరకు వస్తుంది, చలికాలంలో ఇంకా తగ్గుతుంది. లోపాలున్న లిథియం-అయాన్ బ్యాటరీలు ఇళ్లలో అగ్నిప్రమాదాలకు దారితీసిన కారణంగా, న్యూయార్క్ నగరం గుర్తింపు పొందిన భద్రతా ప్రమాణాన్ని అందుకున్న విద్యుత్ సైకిళ్లను మాత్రమే అమ్మాలని 2023లో చట్టం చేసింది. ప్రమాణ ముద్ర లేని చవక బ్యాటరీని ఏ ఊరిలోనైనా తిరస్కరించడమే క్షేమం.

ఆకృతిని నిర్ణయించేది గరిమనాభి, అంటే వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు. ముందు పెట్టె ఉన్న రెండు చక్రాల సైకిల్‌లో పిల్లలు నేలకు దగ్గరగా, తొక్కేవారి కళ్లెదుట కూర్చుంటారు కనుక గరిమనాభి కిందికి దిగి నిలకడ పెరుగుతుంది. అయితే దాని పొడవు దాదాపు 2.5 మీటర్లు కావడంతో ఇరుకైన చోట నిలపడం కష్టం. వెనుక క్యారియర్‌ను పొడిగించిన లాంగ్‌టెయిల్ రకం పొట్టిది, మామూలు సైకిల్‌లాగే నడుస్తుంది. కాని పిల్లలు ఎత్తులో కూర్చోవడం వల్ల, ఆగి ఉన్నప్పుడు సైకిల్ ఒరిగితే నిలువరించడానికి ఎక్కువ బలం కావాలి. కొనేవారు వెడల్పైన, బలమైన స్టాండు ఉన్నదో లేదో తప్పక చూడాలి. మూడు చక్రాల సైకిల్ ఆగి ఉన్నప్పుడు ఒరగదు. మలుపులో మాత్రం రెండు చక్రాల సైకిల్ మాదిరిగా లోపలికి వంగలేదు కనుక, వేగం ఎక్కువైతే లోపలి వైపు చక్రం నేలను విడిచి బోల్తాపడే ప్రమాదం ఉంటుంది.

గంటకు 25 కి.మీ. వేగంతో పోతున్న 175 కిలోల వాహనం గతిజశక్తి సుమారు 4,200 జౌళ్లు. అదే వేగంతో ఒంటరిగా పోయే మామూలు సైకిలిస్టుకు ఉండేదానికి ఇది దాదాపు రెట్టింపు. ఆ శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చవలసి ఉన్నందున, ద్రవపీడనంతో పనిచేసే డిస్క్ బ్రేకులు రెండు చక్రాలకూ ఉండడం అవసరం. ఫ్రేము మీద కూడా బరువు, కుదుపులు ఏళ్ల తరబడి పడుతూ ఉంటాయి. ఫ్రేములు విరిగే ప్రమాదం కారణంగా 2024లో నెదర్లాండ్స్ భద్రతా అధికారులు ఒక తయారీ సంస్థ కార్గో సైకిళ్ల అమ్మకాలను నిలిపివేయించారు. కనుక అనుమతించిన మొత్తం బరువు ఎంతో చూసి, అందులోంచి సైకిల్ బరువునూ తొక్కేవారి బరువునూ తీసివేస్తే మిగిలేదే పిల్లలకూ సరకులకూ దక్కే వాటా అని గుర్తించాలి. పిల్లలు ఏటేటా బరువు పెరుగుతారు కనుక, ఆ వాటాలో కొంత భాగాన్ని ముందుగానే విడిచిపెట్టాలి.

అందువల్ల కొనదలచినవారు మొదట బరువు పరిమితిని, తరువాత నిలకడను, బ్రేకులను, ఆపైన తమ ఊరి ఎత్తుపల్లాలకు తగిన మోటారును, చివరగా రోజువారీ దూరానికి చాలే బ్యాటరీని పరిశీలించడం మంచిది. పిల్లలంత బరువున్న మూటలు వేసుకొని, ఎక్కుడు, దిగుడు, మలుపు ఉన్న దారిలో స్వయంగా తొక్కి, ఆపి చూసిన తరువాతే ఏ సైకిల్‌నైనా ఎంచుకోవాలి. ఆ పరీక్షకు అంగీకరించని దుకాణంలో కొనకపోవడమే మేలు.