పథ్యం కూడా అమానతే

ఈద్ నాడు ఇంటికి వచ్చిన బంధువొకరు షీర్ ఖుర్మా వద్దన్నారు. పేగుల జబ్బు కారణంగా వైద్యులు ఆయనకు పాలు, గోధుమలు మాన్పించారు. నేను వినలేదు, బలవంతపెట్టాను. మొహమాటంతో తిని, ఆ రాత్రంతా బాధపడ్డారు. మర్యాద అనుకుని నేను చేసినది హాని.

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. రోగికి రమజాన్ ఉపవాసంలోనే సడలింపునిచ్చిన ధర్మం మనది (అల్ బఖరా: 184-185). అటువంటప్పుడు పండుగ వంటకాన్ని నిర్బంధం చేయడానికి మనమెవరం?

మరుసటి ఈద్‌కు నేనే కొబ్బరి కోరాను. ఉద్దానం కొబ్బరికి పేరుపొందిన ఈ ఉత్తరాంధ్రలో, రాజాంలోని మనకు ఇదేమంత కష్టం? ఒక కాయ కోరుకు రెండు గ్లాసుల గోరువెచ్చని నీరు పోసి, రుబ్బి, పలుచని గుడ్డలో పిండితే పాలు సిద్ధం. మెత్తగా ఉడికిన అన్నంలో వాటిని కలిపి సన్నని సెగపై వేడిచేయాలి, తెర్లితే విరుగుతాయి. డబ్బా పాలలో చిక్కదనానికి తరచు గోరుచిక్కుడు గింజల జిగురు కలుపుతారు. అది కొందరికి పడదు. ఇంటిపాలు త్వరగా పులుస్తాయి కనుక ఏ పూటకాపూట తీసుకోవాలి.

అయితే వీటిలో కొవ్వు ఎక్కువ; రెండు చెంచాలతో మొదలుపెట్టి చూడాలి. పొటాషియం ఉన్నందున మూత్రపిండాల రోగులు వైద్యుని అడగనిదే తీసుకోరాదు. పసిపిల్లలకు ఇవి తల్లిపాలకు బదులు కావు.

ఆ ఈద్‌కు ఆయన మా అందరితో కలిసి, భయం లేకుండా తిన్నారు. ఇప్పుడు వడ్డించే ముందు మా ఇంట అడిగే మాట ఒకటే: “మీకేది పడుతుంది?”