దొంగగాలి: ఇంజనులో పలచని మిశ్రమం కథ

పెట్రోలు ఇంజను అని పేరే గాని, బరువు లెక్కన చూస్తే అది తాగేదంతా గాలే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లకు మించి పెట్రోలు పెరిగితే చిక్కని మిశ్రమం, గాలి పెరిగితే పలచని మిశ్రమం. షెడ్లలో వీటినే రిచ్చు, లీను అంటారు. రిచ్చయితే పొగగొట్టం నల్లబడుతుంది, జేబు ఖాళీ అవుతుంది. ఆ జబ్బు కంటికి కనిపిస్తుంది. లీనైతే పొగ రాదు సరిగదా, మొదట్లో పెట్రోలు కలిసొచ్చినట్టే ఉంటుంది. మన కర్నూలు, కడప ఎండల్లో ఇది మరీ దొంగ జబ్బు. వేడెక్కిన ప్రతి బండికీ ఎండనే కారణంగా చెప్పి చేతులు దులుపుకోవచ్చు గదా!

మా చిన్నాయన నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కర్నూలు–కడప మధ్య పద్మిని కారును బాడుగకు తిప్పేవాడు. ఒక వేసవిలో బండి కాగడం మొదలుపెట్టింది. రేడియేటరు మార్చారు. థర్మోస్టాటు పీకేశారు. హెడ్డు విప్పితే రెండు ఎగ్జాస్టు వాల్వులు అంచులు కాలిపోయి ఉన్నాయి. కొత్తవి వేసిన రెండు నెలలకే మళ్లీ అదే వరస. పెండ్లిళ్ల కాలమంతా బండి షెడ్డులోనే, అప్పు మాత్రం ఇంట్లో. ఆఖరికి ఒక ముసలి మెకానిక్కు బానెట్టు ఎత్తి కాసేపు చెవి పెట్టి విని, "నీళ్లది గాదప్పా తప్పు. యాడో దొంగగాలి పీలుస్తాండాది" అన్నాడు. ఆ 'దొంగగాలి' అన్న మాట నాకు పాఠ్యపుస్తకాల మాటల కన్నా ఎక్కువ నచ్చింది.

పెట్రోలు తగ్గితే వేడి తగ్గాలి గదా, వాల్వు ఎందుకు కాలుతుందని మా విద్యార్థులు ప్రతి ఏడూ అడుగుతారు. బరువు లాగేటప్పుడు ఇంజనుకు సుమారు 12.5 నుంచి 13 పాళ్ల మిశ్రమం ఇస్తారు. అందులోని అదనపు పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని కొంత తీసుకుంటుంది. ఆ చలవ పోవడం ఒక కారణం. రెండోది ముఖ్యం: పలచని మిశ్రమంలో మంట నెమ్మదిగా పాకుతుంది. పిస్టను పని ముగిసి ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే వేళకు కూడా మంట ఆరదు. ఆ మంట వాల్వు అంచును ఒరుసుకుంటూ బయటికి పోతుంది. కొలిమిలో ఇనుము పెట్టినట్టే!

గుర్తులు కొన్ని ఉన్నాయి. యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడుతుంది. కార్బురేటరులోంచి తుమ్ముతుంది. సమవేగంలో పోతున్నా ఊగుతుంది. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు బాగా బయటపడుతుంది. కోవా కోసం మనం ఆగకపోయినా ఇంజను ఆగుతుంది. తేల్చుకోవడానికి చవకైన పరీక్ష చోకు. ఇంజను బాగా కాగిన తర్వాత చోకు కొంచెం లాగి చూడండి. నడక బాగుపడితే లీనే, ఇంకా చెడితే కాదు. తర్వాత ప్లగ్గు: బరువు మీద కొంతదూరం నడిపి, ఇంజను ఆపి విప్పితే లోపలి పింగాణి బిస్కెట్టు రంగులో ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే అనుమానించాలి. అయితే 2000లో సీసం కలిపిన పెట్రోలు పోయిన దగ్గర్నుంచి ప్లగ్గులు ఎటూ కొంచెం పాలిపోయే ఉంటాయి. రంగొక్కటే చూసి తీర్పు చెప్పరాదు.

దొంగగాలి ఎక్కడిదో పట్టడానికి ఐడిలింగులో మానిఫోల్డు అతుకుల మీద, రబ్బరు గొట్టాల మీద నీళ్లు సన్నగా చిమ్మాలి. ఎక్కడ చిమ్మితే ఇంజను చప్పుడు మారుతుందో అక్కడే సందు. కొందరు పెట్రోలు చిమ్ముతారు. కాగిన మానిఫోల్డు మీద అది ప్రాణాంతకం, చేయొద్దు. చిన్నాయన బండిలో సందు కార్బురేటరు అడుగు ఫ్లాంజిది. నట్లు అతిగా బిగించి బిగించి అది వంగింది. గాజుపలక మీద ఎమరీ కాగితం పరచి ఫ్లాంజిని సమంగా అరగదీసి కొత్త ప్యాకింగు వేస్తే సరిపోయింది. (కడప బండ నున్ననిదే గాని ఈ పనికి చాలదు, అద్దమే కావాలి.)

సందు లేకపోతే జెట్టు చూడాలి. ట్యాంకు తుప్పు, మన దుమ్ము అందులో చేరి పెట్రోలుకు అడ్డుపడతాయి. గాలితో ఊదాలి గాని తీగ పెట్టి పొడవరాదు; ఇత్తడి రంధ్రం పెద్దదైతే జబ్బు తిరగబడి రిచ్చవుతుంది. ఫ్లోటు మట్టమూ, పంపూ చూసుకోవాలి. మధ్యాహ్నం ఆపిన బండి తిరిగి స్టార్టు కాకుండా, పంపు మీద తడిగుడ్డ వేస్తే కదిలిందంటే అది వేరే సంగతి. అక్కడ పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడింది.

ఇంజెక్షను బండ్లలో ఈ పని ఆక్సిజను సెన్సారు చూస్తుంది. స్కానరు పెడితే పి0171 అని వస్తే లీనని అర్థం. కంప్యూటరు అదనంగా పోస్తున్న పెట్రోలు శాతం ఐడిలింగులో ఎక్కువగా ఉండి, వేగం పెంచితే తగ్గిందా? అది దొంగగాలి. బరువు మీద పెరిగిందా? ఫిల్టరో, పంపో చూడాలి.

పాత బండ్ల యజమానులకు ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వస్తున్నది. ఇథనాలు తనలోనే కొంత ఆక్సిజను మోసుకొస్తుంది. కిలోకు 9 కిలోల గాలి దానికి చాలు. కలిపిన ఇంధనానికి లెక్క సుమారు 13.5కు దిగుతుంది. సెన్సారున్న బండి సర్దుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. జెట్టు మార్చకపోతే మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడుతుంది. సోలెక్సులో 125 నంబరు జెట్టంటే రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. దాన్ని 130 చేస్తే వైశాల్యం కూడా 8 శాతమే పెరుగుతుంది. లెక్క సరిపోయింది! దాంతోపాటు పాత రబ్బరు గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునేవిగా మార్చాలి, మొదటి రెండు మూడు ట్యాంకులదాకా ఫిల్టరును తరచూ విప్పి చూడాలి. ఇథనాలు ట్యాంకులోని ఏళ్లనాటి మురికిని కదిలించి తెచ్చేది అక్కడికే.