బంగాళాదుంపకు కనిపించని తెగులు

తెలంగాణలో ఆలుగడ్డ అంటారు గాని, కోస్తా జిల్లాల నుండి ఉద్యోగరీత్యా కోల్‌కతా చేరిన మావంటి వారికి అది బంగాళాదుంపే. ఆ పేరులోని బంగాళం ఇక్కడి బజారులో ప్రతి ఉదయం సార్థకమవుతూ ఉంటుంది. గసగసాల ముద్దతో ఆలూ, చేపల పులుసులో ఆలూ, చివరకు బిర్యానీలోనూ ఆలూ! ఉత్తరప్రదేశ్ తరువాత దేశంలో ఈ పంట అత్యధికంగా పండేది పశ్చిమ బెంగాల్‌లోనే. అటువంటి నేలకు విత్తనంలో అధిక భాగం పంజాబు నుండి రావలసి వస్తున్నదని విన్నప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. కారణం కన్నులారా చూడగోరి, జనవరి మాసాంతపు ఆదివారం ఒకనాడు మా విభాగపు సహోద్యోగితో కలిసి హౌరాలో తారకేశ్వర్ లోకల్ ఎక్కాము. హరిపాల్ సమీపాన ఆయన మేనమామగారు హుగ్లీ జిల్లా రైతులందరి వలెనే వరి కోసిన మడిలో ఆలూ వేస్తారు.

ఆ పెద్దాయన మమ్ములను తిన్నగా గట్టు మీదికి తీసికొని వెళ్ళారు. గట్టుకు ఒక ప్రక్క ఆ ఏడు కొన్న పంజాబు విత్తనంతో వేసిన జ్యోతి రకం. మోకాలెత్తున, ముదురాకుపచ్చగా ఉన్నది. రెండవ ప్రక్కన ఉన్నదీ జ్యోతియే. కాని సొంత పంట నుండి వరుసగా మూడేండ్లు దాచుకొన్న దుంపలతో వేసినది. ఎరువు ఒకటే, నీరు ఒకటే. అయినను మొక్కలు గిడసబారి, అడుగు ఆకులు దోనెల వలె పైకి చుట్టుకొని ఉన్నవి. చేతితో తాకితే తోలువలె బిరుసుగా, గలగలమన్నవి. "నిరుడు బస్తాలు సగానికి పడిపోయాయి బాబూ, భూమిలో సారం పోయిందనుకొన్నాను" అన్నారాయన. సారం పోయినది భూమిలో కాదు, విత్తనంలో.

నిజానికి మనం విత్తనమని పిలిచే ఈ దుంప విత్తనం కానే కాదు. అది తల్లి మొక్క శరీరంలో ఒక ముక్క, నేలలో పెరిగిన కాండం. పూవు నుండి పుట్టే అసలు గింజలోనికి చాలా వైరసులు ప్రవేశించలేవు. దుంపకు ఆ రక్షణ లేదు. తల్లికి సోకినది బిడ్డకు, బిడ్డ నుండి మనుమరాలికి, యేటేటా మరికొంత చేరుతూ సంక్రమిస్తుంది. పూర్వం ఐరోపాలో దీనినే రకానికి ముసలితనం వచ్చిందనుకొనేవారు. ఇరవయవ శతాబ్ది ఆరంభంలో హాలెండులో క్వాంజర్ అనే శాస్త్రజ్ఞుడు ఆకుచుట్టు వ్యాధి మొక్క నుండి మొక్కకు అంటుకొనునదని నిరూపించాడు. 1931లో కేంబ్రిడ్జిలో కెన్నెత్ స్మిత్ కలగలిసి ఉన్న రెండు వైరసులను వేరుచేసి ఎక్స్, వై అని పేర్లు పెట్టాడు. మా ఇంజనీర్లకు ఎక్స్, వై అంటే చనువు ఎక్కువ గాని, ఈ రెండూ ఒకే మొక్కలో కలిస్తే ఆకులు ముడతలుపడి పంట దారుణంగా దెబ్బతింటుంది.

వీటి ప్రయాణ మార్గాలు వేరువేరు. ఎక్స్ కేవలం స్పర్శతో పోతుంది: ఆకుకు ఆకు రాచుకొన్నా, రైతు పంచె తగిలినా, దుంపలు కోసే కత్తి ద్వారానైనా. వై వైరసును, ఆకుచుట్టు వైరసును మోసేది పేనుబంక. ఆకుచుట్టు వైరసును గ్రహించడానికి ఆ పురుగు చాలాసేపు రసం పీల్చాలి, ఆపైన సుమారు ఒక దినం గడిస్తే గాని ఇతర మొక్కలకు అంటించలేదు. కావున మందు చల్లుటకు వ్యవధి ఉన్నది. వై విషయంలో అది చాలదు. పేనుబంక మొక్కను రుచి చూచిన కొద్ది సెకన్లలోనే వైరసు దాని ముక్కుకు అంటుతుంది, మరుక్షణం ప్రక్క మొక్కకు చేరుతుంది. మందు తగిలి పురుగు చచ్చులోపల పని పూర్తి అయిపోతుంది.

గట్టు చివర ఒక వరుస చిన్న ఎర్రదుంపల మొక్కలు మా కంటబడ్డాయి. ఒక్క ఆకు ముడుచుకొనలేదు. "ఇది పదేండ్లుగా మా ఇంటిది, దీనికి ఏ రోగమూ రాదు" అని పెద్దాయన గర్వంగా చెప్పారు. మాకు అనుమానం కలిగినది అక్కడనే. కొన్ని రకాలు వైరసును లోపల ఉంచుకొని పైకి ఆరోగ్యంగా కనిపిస్తాయి. ఇంగ్లండులో ఎంతో ప్రీతిపాత్రమైన కింగ్ ఎడ్వర్డ్ రకంలో ఒకప్పుడు ప్రతి మొక్కా అటువంటిదే. దానికి తెలియకుండా ఒక వైరసు ఉన్నదని, అర్రాన్ విక్టరీ అనే రకానికి అంటుకట్టి చూచినప్పుడు, రెండవది ముడుచుకుపోవడం వలన 1930లో బయటపడింది. 1957లో రోథమ్‌స్టెడ్‌లో కస్సానిస్ ఆ మొక్క కొనలోని సూక్ష్మమైన కణజాలాన్ని సీసాలో పెంచి, వైరసు లేని కింగ్ ఎడ్వర్డ్‌ను సృష్టించాడు. నేడు మన దేశంలోనూ మేలిరకపు విత్తనానికి మూలం ఈ కణజాల వర్ధనమే.

మన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ 1949లో పాట్నాలో ఆరంభమై 1956లో సిమ్లాకు తరలింది. ఆ సమీపాన ఉన్న ఊరు కుఫ్రీ. 1968లో విడుదలైన కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి రకాలకు ఆ ఇంటిపేరు అందుకే వచ్చింది. (చంద్రముఖి అనగానే మన వారికి దేవదాసు గుర్తుకు రావడం సహజం. ఆ నవలా రచయిత శరత్‌బాబు పుట్టిన దేవానందపూర్ ఈ హుగ్లీ జిల్లాలోనిదే!) పూర్వం విత్తనానికి కొండ ప్రాంతాలే గతి. 1960ల దశకంలో ఈ సంస్థలో పుష్కర్‌నాథ్ ప్రభృతులు మైదానంలోనే ఆరోగ్యవంతమైన విత్తనం తీసే పద్ధతిని రూపొందించారు. సూత్రం సరళం: పేనుబంక లేని చలిరోజులలోనే పంటను ముగించాలి. అక్టోబరులో నాటి, నూరు సంయుక్త పత్రాలపై పురుగుల సంఖ్య ఇరవైకి చేరకముందే, డిసెంబరు చివర లేదా జనవరి తొలి భాగంలో మొక్కల పైభాగాన్ని కోసివేస్తారు. తొక్క గట్టిపడే వరకు దుంపలను నేలలోనే ఉంచి, తరువాత శీతల గిడ్డంగికి పంపుతారు. వైరసు ఆకు నుండి దుంపకు దిగులోపల దారి తెంచడమన్న మాట.

బెంగాల్ రైతుకు చిక్కు ఇక్కడ వస్తున్నది. వరి కోసి మడి ఖాళీ అయ్యేసరికి నవంబరు సగం గడచిపోతుంది. చలికాలం పొట్టిది. దుంప పెరగవలసిన దినాలలోనే పేనుబంక దిగుతుంది. మేము రైల్లో ఒక లెక్క వేసుకొన్నాము. హెక్టారుకు సుమారు 30 క్వింటాళ్ళ విత్తనం కావాలి. రాష్ట్రంలో ఆలూ వేసే నేల 4 లక్షల హెక్టార్లకు పైమాటే. అనగా ఏటా 12 లక్షల టన్నులు! సాగు ఖర్చులో అత్యధిక భాగం విత్తనానికే పోతున్నదంటే వింత లేదు. అందుకే రైతు ఒకటి రెండేండ్లు సొంత దుంపతో గడుపుదామని చూస్తాడు.

ఉత్తరాది కూడ నిశ్చింతగా లేదు. 1990ల చివరి నుండి అక్కడి పొలాలలో కొనాకులు ముడుచుకుపోయే కొత్త తెగులు కనిపించసాగింది. టమాటాను పీడించే వైరసుకు చెందిన తెగ ఇది, మోసేది తెల్లదోమ. ఈ దోమకు అక్టోబరు వేడిమి ఇష్టం. పేనుబంకను తప్పించుకోను ముందుగా నాటితే తెల్లదోమ కాచుకొని ఉంటున్నది. కుఫ్రీ బహార్ వంటి రకాలు దీనిని తట్టుకొంటున్నవి గాని, కోల్‌కతా బజారు అడిగేది జ్యోతిని, చంద్రముఖిని.

సాయంత్రం బయలుదేరబోతూ ఎర్రదుంపల వరుస సంగతి చెప్పాము. ఆకును పరీక్షకు పంపితే గాని నిజం తేలదని, అంతవరకు వాటిని జ్యోతికి దూరంగా వేయడం మంచిదని మనవి చేశాము. పెద్దాయన చాలాసేపు పలుకలేదు. పీకివేస్తానన్నారు. వెంటనే లోపలి నుండి ఆయన భార్య బయటికి వచ్చి, ఆ రుచి మరి దేనికీ రాదని, తన అత్తగారి కాలం నాటిదని అడ్డుపడ్డారు. వాదోపవాదాల మీదట, వచ్చే ఏట ఆ దుంపను చెరువు ఆవలి పెరటిలో నాలుగు మడులకే పరిమితం చేయాలని, దానిని కోసిన కత్తి జ్యోతిని తాకరాదని ఒప్పందం కుదిరింది. ఆకులు పొట్లం కట్టి మా సహోద్యోగి చేతికి ఇచ్చారు. మాకు మాత్రం ఆమె రెండు కిలోల ఎర్రదుంపలు సంచిలో పోసి, నాటుకోవద్దు, వండుకోండి అని నవ్వుతూ చెప్పారు.