లేపాక్షి పైకప్పు చిత్రాలు: మూలనిర్ణయంలో ఆధారాల విలువ

ఉపోద్ఘాతం

జపాన్ బౌద్ధాలయాలలో భద్రంగా ఉన్న కొన్ని పట్టుచిత్రాలు చాలాకాలం చైనా చిత్రాలుగానే చలామణి అయ్యాయి. వాటిలో అనేకం కొరియాలోని గోర్యో రాజ్యకాలానికి (918–1392) చెందినవని 20వ శతాబ్దపు పరిశోధకులు గుర్తించారు. 1978లో నారాలోని యమాతో బుంకకన్ మ్యూజియం వీటిని ఒకచోట చేర్చి ప్రదర్శించింది. చుట్టచుట్టి ఓడలో పంపగల చిత్రం విషయంలో దొరికిన చోటే పుట్టిన చోటు అనుకోవడం పొరపాటని ఈ ఉదంతం తెలుపుతుంది. ఆలయపు పైకప్పు మీది చిత్రం కదలదు; కనుక దాని మూలం గురించి ప్రశ్నే లేదనిపిస్తుంది. కానీ గీసినవారు కదులుతారు, కథలు కదులుతాయి, పాత గీత మీద కొత్త రంగు పడుతుంది. అనంతపురం కరవు పీఠభూమిలోని లేపాక్షి (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) వీరభద్రాలయ చిత్రాల విషయంలో ఏ ఆధారం ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శాసనం చెప్పేది, చెప్పనిది

కూర్మశైలమనే బండమీద వెలసిన ఈ ఆలయ నిర్మాణాన్ని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ సీమలో అధికారం నిర్వహించిన విరూపణ్ణకు ఆపాదిస్తారు. శాసనాలు దాతలను, దానాలను పేర్కొంటాయి, చిత్రకారుల ఊసెత్తవు. తూర్పు ఆసియా చిత్రం మీద కనిపించే సంతకం, ముద్ర వంటివి ఇక్కడ లేవు. (ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు, ముద్రలనూ నకలు చేసినవారున్నారు.)

ఆలయం కట్టిన తేదీని చిత్రం గీసిన తేదీగా తీసుకోవడం సులభం, ప్రమాదకరం కూడా. హంపీ విరూపాక్షాలయ రంగమండపం కృష్ణదేవరాయల పట్టాభిషేక సందర్భానిదని అక్కడి శాసనం చెబుతుంది. ఆ మండపపు పైకప్పు చిత్రాలు మాత్రం 19వ శతాబ్దంలో తిరిగి గీసినవని కొందరు పండితులు వాదించారు. లేపాక్షిని హంపీ నుండి వేరుచేసే ఆధారం చిత్రంలోనే ఉండాలి.

కుళ్లాయి సాక్ష్యం

అర్ధమండపపు పైకప్పు మీది బృహత్తర వీరభద్రుని పక్కన చిన్న ఆకారాలలో కనిపించే భక్తులను విరూపణ్ణ, వీరణ్ణ సోదరులుగా గుర్తిస్తున్నారు. ఇతర ఫలకాలలోనూ పురుషుల తలపై నిలువెత్తు టోపీలున్నాయి. ఇదే కుళ్లాయి. పారశీక ‘కులాహ్’ నుండి వచ్చిన మాట. పొడుగు అంగీకి వాడిన ‘కబాయి’ అరబీ ‘ఖబా’ నుండి వచ్చింది. విజయనగర ఆస్థానం ఈ వేషాన్ని ఎలా స్వీకరించిందో ఫిలిప్ వాగనర్ 1996లో వివరంగా చర్చించారు. తిరుమలలోని కృష్ణదేవరాయల లోహ విగ్రహం తలపైనా ఇదే తరహా టోపీ ఉంది.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ అదనపు సౌలభ్యముంది. కన్నడ రాజు కొలువులో తాను పడిన పాట్లను ఏకరువు పెట్టే, శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన చాటువులో కుళ్లాయి ప్రస్తావన వస్తుంది. చాటువు కర్తృత్వం సందిగ్ధమే అయినా ఆ వేషం తెలుగు కవికి పరాయి లాంఛనంగా తోచిందన్న సంగతి విలువైనది. అయితే 15వ శతాబ్దపు కవి పేర వినిపించే టోపీ, 16వ శతాబ్దపు చిత్రాన్ని ఒక దశాబ్దానికి కుదించలేదు. అది ఆస్థానాన్ని చూపుతుంది, సంవత్సరాన్ని కాదు. దాతల రూపాలు, శాసనాలు, వేషం ఈ మూడూ ఒకేచోట కలవడం వల్లనే అచ్యుతరాయల కాలమన్న నిర్ణయానికి బలం చేకూరింది.

ప్రాంతమన్న చిక్కు

కాలం కంటే ప్రాంతం కష్టమైనది. కిరాతార్జునీయం, పార్వతీకల్యాణం, ద్రౌపదీస్వయంవరం అందరివీ. రథచక్రం కింద ఆవుదూడ మరణించగా కొడుకునే శిక్షించిన మనునీతి చోళుని కథ మాత్రం తమిళ తిరువారూరుది. ఆలయంలో కన్నడ శాసనాలున్నాయి. తలమీద పారశీకపు పేరున్న టోపీ, ఒంటిమీద ఈ నేల చీరల అంచులు, చుక్కలు, గళ్లు. వీటన్నిటి నడుమ ‘ఆంధ్ర చిత్రకళ’, ‘కర్ణాటక చిత్రకళ’ అన్న ముద్ర వేసే తొందర నేటి రాష్ట్రాల సరిహద్దుల నుండి పుట్టినదే తప్ప చిత్రం నుండి కాదు. కథ మూలం తమిళమైనంత మాత్రాన గీసిన చేయి తమిళుడిది కానక్కరలేదు; పోషకుడు చెప్పిన కథను చిత్రకారుడు గీసి ఉండవచ్చు.

శైలి ఆధారం ఇంకా జారుడుది. పక్కకు తిరిగిన ముఖాలు, కొనదేలిన ముక్కు, నల్లని బాహ్యరేఖ, నీడలు లేని చదును రంగులు పశ్చిమ భారత జైన గ్రంథచిత్రాలను గుర్తుచేస్తాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలనూ గుర్తుచేస్తాయి. ఈ రెండో పోలికను పట్టుకొని బొమ్మలాట కుటుంబాల పూర్వులే లేపాక్షి చిత్రకారులని చెప్పాలన్న ఆశ సహజం. కానీ ఈ కళాకారుల వర్గం ఇళ్లలో మాట్లాడేది మరాఠీకి దగ్గరైన ఆరె భాష. వలస వచ్చినవారు కొత్త నేలలోని గుడి బొమ్మలను చూసి నేర్చుకొని ఉండవచ్చు, రెండూ వేరొక పాత సంప్రదాయాన్ని పంచుకొని ఉండవచ్చు. కొరియా చిత్రాలను చైనా చిత్రాలుగా పొరబడింది కూడా శైలీసామ్యం వల్లనే. తోలుబొమ్మల్లో తరతరాల మార్పులను నమూనాల వారీగా వరుసపెట్టి, చీరల అల్లికలు, నగల పేర్లను ఆనాటి ప్రబంధాలలోని పదజాలంతో సరిచూసినప్పుడే ఈ పోలిక సాక్ష్యంగా నిలబడుతుంది.